అమ్మ పెట్టెలో మిగిలిన ఊలుతో ఇంట్లో అందరికీ సాక్స్ అల్లి ఇవ్వొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. అమ్మగారి ట్రంకు పెట్టెలో నాలుగు కిలోల దాకా ఊలు ఉంది, సగానికి పైగా లేబుళ్ళు లేవు. సంక్రాంతికి ఇంట్లో అందరికీ మీ చేత్తో అల్లిన సాక్స్ ఇవ్వాలని మీ కోరిక. అందరూ అంటే షుగర్ ఉన్న నాన్నగారు, షికాగోలో ఉన్న అక్క, జనవరిలో డెలివరీ ఉన్న వదిన, మే నెలలో కేదార్‌నాథ్ వెళ్ళబోతున్న అత్తగారు మామగారు, మీ పిల్లలిద్దరూ. మీకు నిట్, పర్ల్ అనే రెండు మామూలు కుట్లు వచ్చు, మఫ్లర్లు అల్లారు, సాక్స్ మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇంట్లోవాళ్ళేమో వైజాగ్ ఉక్కపోతలో ఊలు సాక్స్ ఎవరేసుకుంటారు అంటున్నారు.

అల్లొచ్చండి. కానీ అందరికీ సాక్సే వద్దు, ఉన్న ఊలంతా సాక్స్‌కి పనికిరాదు కూడా. ముందు ఏ ఊలు దేంతో చేసిందో తేల్చుకోండి, తర్వాత తూకం వేయండి, ఎవరికి ఏమిటన్నది ఆ తర్వాతే. మీ లిస్టు చూస్తే అక్కకి, అత్తమామలకి అసలైన ఊలు సాక్స్, వదినకి కాస్త పల్చటివి, నాన్నగారికి వేరే పద్ధతిలో అల్లినవి సరిపోతాయి. పిల్లలకి టోపీలు చాలు. మిగిలిన ఆక్రిలిక్ ఊలంతటికీ వేరే మంచి ఉపయోగాలున్నాయి, కింద రాస్తాను.

నేను స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో పక్కింటి పంజాబీ ఆంటీ దగ్గర ఈ పని నేర్చుకున్నాను. డిసెంబరు వచ్చిందంటే ఆవిడా, ఇంకో ఇద్దరు ముగ్గురూ మధ్యాహ్నం ఎండలో మెట్ల మీద కూర్చుని అల్లుతుండేవారు, నేనూ వెళ్ళి కూర్చునేదాన్ని. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో ఇంటి దగ్గరే నేర్పిస్తున్నాను, ఆర్డర్ల మీద అల్లి ఇస్తుంటాను. మీలాగే అమ్మ ఊలో అమ్మమ్మ ఊలో సంచీలో వేసుకుని వచ్చేవాళ్ళు నాకు చాలామందే తగులుతారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన దగ్గర ఊలు అంటే అన్నీ ఊలే. షాపులో అడిగినా అదే మాట. కానీ జగదాంబ వైపు, పూర్ణా మార్కెట్ వైపు ఫ్యాన్సీ షాపుల్లో నేను చూసినంతవరకు దొరికేది ఎక్కువగా ఆక్రిలిక్కే, అంటే ప్లాస్టిక్ లాంటి పోగు. అమ్మగారి పెట్టెలో కూడా ముప్పాతిక భాగం అదే ఉంటుందని నా అంచనా. తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ప్రతి ఉండలోంచి జానెడు పోగు కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద, పక్కన నీళ్ళు పెట్టుకుని ఒక కొస కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి, మంట తీయగానే దానంతటదే ఆరిపోయి, వేళ్ళతో నలిపితే బూడిద పొడి అయిపోతే అది గొర్రె ఊలు. కరిగి, చల్లారాక గట్టి నల్లటి పూసలా మిగిలితే ఆక్రిలిక్. కాగితం కాలినట్టు కాలి మెత్తటి బూడిద మిగిలితే కాటన్. రెండూ కలిసి కనిపిస్తే మిక్స్. పరీక్ష అయిన ప్రతి ఉండకీ చీటీ కట్టేయండి, లేకపోతే సాయంత్రానికి మళ్ళీ మొదటికొస్తుంది.

సాక్స్‌కి ఆక్రిలిక్ ఎందుకు వద్దంటున్నానంటే, అది చెమట పీల్చదు. గొర్రె ఊలు తన బరువులో దాదాపు 30 శాతం తేమ లోపలికి లాక్కుని కూడా తడిగా అనిపించదు, ఆక్రిలిక్ రెండు శాతానికి అటూ ఇటూగానే లాక్కుంటుంది. బూటు వేసుకున్న కాలికి చెమట పడుతుంది, ఆ చెమట చలి దేశంలో చల్లబడిపోతుంది, వేడిగా ఉండాల్సిన కాలు వణుకుతుంది. ఢిల్లీలో చదువుకునే తమ్ముడికి నా దగ్గర నేర్చుకున్న అమ్మాయి ఒకరు ముచ్చటగా ఆక్రిలిక్‌తో అల్లి పంపితే, అతను ఒక్కరోజు వేసుకుని రాత్రి పడుకునేటప్పుడు మాత్రమే వాడుకున్నాడు. పైగా ఆక్రిలిక్ ఒకసారి సాగితే మళ్ళీ దగ్గరికి రాదు, నాలుగు ఉతుకులకే చీలమండ దగ్గర జారిపోతుంది.

మరి గొర్రె ఊలైతే చాలా అంటే, అక్కడా ఒక మెలిక ఉంది. మెరినో అనే మెత్తటి గొర్రె ఊలు ఒక్కటే అయితే మడమ దగ్గర, బొటనవేలి దగ్గర త్వరగా చిల్లులు పడతాయి. సాక్స్ కోసమని అమ్మే ఊలులో మామూలుగా 75 శాతం ఊలు, 25 శాతం నైలాన్ ఉంటాయి, 100 గ్రాములకి 400 నుంచి 425 మీటర్లు వస్తుంది. ఆ నైలానే అరగకుండా కాపాడేది. అమ్మగారి పెట్టెలో ఉన్నది నైలాన్ లేని నాలుగు ప్లై (నాలుగు పోగులు పేనిన) ఊలు అనుకోండి, వాడొచ్చు, కాకపోతే బిగువుగా అల్లాలి, మడమ, వేళ్ళు అల్లేటప్పుడు నైలాన్ కలిసిన సన్నటి దారం జంటగా పట్టుకోవాలి. ఊలు లావు తెలియాలంటే స్కేలు చుట్టూ పక్కపక్కనే, లాగకుండా చుట్టండి. అంగుళంలో 14 చుట్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే సాక్స్‌కి పనికొచ్చేంత సన్నం. 11 దగ్గర పడితే అది స్వెట్టర్ ఊలు, దాంతో అల్లిన సాక్స్ మంచం మీద వేసుకోవడానికి బాగుంటాయి కానీ బూట్లో దూరవు.

వంటింటి తూకం మిషన్ ఈ పనికి చాలా అవసరం. ఆడవాళ్ళ సైజు జతకి 65 నుంచి 75 గ్రాములు, మగవాళ్ళకి 80 నుంచి 100, బడి పిల్లలకి 40 దాకా, పసిబిడ్డ బూటీలకి 15 నుంచి 20 గ్రాములు. ఒక రంగు 100 గ్రాములుంటే తూచి సరిగ్గా రెండు ఉండలుగా చుట్టుకోండి, ఒక్కో ఉండ ఒక్కో కాలికి. ఒక రంగు 50 గ్రాములే ఉందనుకోండి, మడమలు, వేళ్ళ భాగం, పైన సాగే పట్టీలా ఉండే రిబ్బు వేరే రంగుతో అల్లితే పావు వంతు ఊలు మిగులుతుంది. చూడ్డానికి కూడా కావాలని అలా అల్లినట్టే ఉంటుంది. అక్కకి పంపే జత అలా రెండు రంగుల్లో వేయండి, బాగుంటుంది.

పాత ఊలు కాబట్టి ఇంకో రెండు చూసుకోవాలి. పోగుని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగండి, టప్పున తెగితే ఆ ఊలు ముసలిదైపోయింది, సాక్స్‌కి వద్దు. ఉండని వెలుతురులో తిప్పి చూడండి, మధ్యమధ్యలో కొరికినట్టు తెగి ఉంటే పురుగు పట్టిందన్నమాట. మన సముద్రపు తేమకి ఇది మామూలే. అలాంటివి మిగతా వాటికి దూరంగా పెట్టి, జిప్ కవర్లో గాలి తీసేసి కట్టి డీప్ ఫ్రీజర్లో వారం ఉంచండి, బయటికి తీసి ఒకరోజు ఆగి మళ్ళీ పెట్టండి. తర్వాత ఎండలో పరిచి దులపండి. ఎరుపు, మెరూన్, ముదురు నీలం ఉంటే కొంచెం పోగు తడిపి తెల్లగుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచండి, గుడ్డకి రంగు అంటితే ఆ ఊలు తెల్లదాంతో కలిపి అల్లకండి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పెట్టెలో కలరా ఉండలు (నాఫ్తలీన్ ఉండలు) వేసి ఉంటే, ఆ ఊలుతో పసిబిడ్డకి ఏదీ అల్లకండి. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువ ఉన్న పిల్లలకి నాఫ్తలీన్ వాసన తగిలిన బట్టల వల్ల రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదరొచ్చు. బిడ్డకి ఆ లోపం ఉందో లేదో మనకి ముందే తెలియదు కదా. ఉతికితే పోతుందిలే అనుకోవద్దు, బిడ్డ కోసం కొత్త ఊలు కొనండి, పట్టేది ఇరవై గ్రాములేగా. ఇకముందు దాచుకోవడానికి ఎండబెట్టిన వేపాకు, జిప్ కవర్లు, సిలికా జెల్ పొట్లాలు చాలు.

ఇప్పుడు ఒక్కొక్కరి సంగతి.

వదిన. వైజాగ్‌లో సాక్స్ ఎవరేసుకుంటారు అన్నవాళ్ళకి మొదటి జవాబు ఆవిడే. బాలింత అంటే మన ఇళ్ళల్లో చెవుల్లో దూది, తలకి స్కార్ఫు, కాళ్ళకి సాక్స్ తప్పవు, అదీ జనవరిలో. షాపు సాక్స్ ఎలాస్టిక్ పాదాల నీరు ఇంకా తగ్గని కాళ్ళ మీద గీతలు పడేలా నొక్కుతుంది. చేత్తో అల్లినవైతే పైభాగం మనకి కావలసినంత వదులుగా పెట్టుకోవచ్చు. సన్నటి ఊలు, పొట్టి సైజు, చీలమండ పైకి రెండంగుళాలు చాలు. ఒక కాలు విపరీతంగా వాచినా, పిక్క నొప్పి పుట్టినా మాత్రం సాక్స్ సంగతి పక్కనపెట్టి డాక్టర్‌కి చూపించాలి, బాలింతల్లో అది రక్తం గడ్డకట్టడం వల్ల కూడా కావచ్చు.

బిడ్డకి బారసాల నాటికి టోపీ, బూటీలు. లోపలివైపు వదులు పోగులు ఉండకూడదు, రెండు రంగుల డిజైన్లు అందుకే వద్దు. ఆ పోగు పసివేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది, బిడ్డ ఎందుకేడుస్తోందో ఎవరికీ తెలియదు. బొరియలుండే లేసు డిజైను కూడా అదే కారణంగా వద్దు. పొడుగు రిబ్బన్లు, టోపీ మీద ఊడిపోయే ఊలు బంతులు కూడా పెట్టకండి. పడుకోబెట్టేటప్పుడు టోపీ తీసేయమని వదినకి చెప్పండి.

నాన్నగారు. షుగర్ ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, అప్పుడు లోపల చిన్న ముడి గుచ్చుకున్నా తెలియదు, పుండు పడొచ్చు. అందుకని ఆయన జతలో ఎక్కడా ముడి వేయకండి. కొత్త పోగు కలపాల్సి వస్తే పాతదీ కొత్తదీ నాలుగు కుట్లు కలిపి అల్లి, కొసలు బయటివైపు దాచండి. వేళ్ళ దగ్గర కుట్టినట్టు గట్టు తేలకూడదు, గ్రాఫ్టింగ్ చేయాల్సిందే, అదేమిటో కింద రాశాను. పైన రిబ్బు బిగించకండి, సూది ఒక సైజు లావుది వాడండి. రంగు తెలుపో, లేత గోధుమో పెట్టండి, గాయమై కొంచెం రక్తం వచ్చినా వెంటనే కనిపిస్తుంది. ఆయన ఇంట్లో నడిచేటప్పుడు ఇవి వేసుకోకూడదు కూడా. మన ఇళ్ళల్లో వేసిన టైల్స్ మీద ఊలు సాక్స్ ఐసు మీద నడిచినట్టే, ఈ వయసులో జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది. ఏసీ గదిలో పడుకునేటప్పుడు, లేదంటే చెప్పుల్లో. నడుస్తాననే మొండివాళ్ళైతే అరికాలు కింద సిలికాన్ చుక్కలు పెట్టండి, లేదా తోలు ముక్క కుట్టండి.

అత్తగారు, మామగారు. కేదార్‌నాథ్ గుడి 3,583 మీటర్ల ఎత్తున ఉంది, మే నెలలో కూడా రాత్రిళ్ళు సున్నా దగ్గరికి పోతుంది. ఊలు సాక్స్‌కి ఇంతకంటే మంచి సందర్భం ఏముంది. కాకపోతే గౌరీకుండ్ నుంచి నడిచి ఎక్కేటప్పుడు వాళ్ళకి అలవాటైన సాక్స్ వేసుకోనివ్వండి, కొత్తగా అల్లినవి వేసుకుని గంటల తరబడి నడిస్తే బొబ్బలెక్కొచ్చు. లావు సాక్స్ ఇరుకు బూట్లో కుక్కితే రక్తం ఆడక కాలు ఇంకా చల్లబడుతుంది, ఇది చాలామందికి తెలియదు. మీవి పైకి చేరాక, తడిసిన సాక్స్ విప్పేశాక, రాత్రికీ తెల్లవారుజామున క్యూలోకీ. సంక్రాంతికి ఇచ్చేస్తే నాలుగు నెలలు టైముంటుంది, ఈలోపు ఒకసారి అరకు తీసుకెళ్ళి వేయించి చూడండి. లంబసింగి అయితే ఇంకా మంచిది, జనవరిలో అక్కడి తెల్లవారుజాము చలికి సాక్స్ సరిపోతాయో లేదో తేలిపోతుంది.

అక్క. షికాగో చలి గురించి నేను చెప్పక్కర్లేదు. ఆవిడ వాషింగ్ మిషన్లో వేసేస్తుంది అన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి. మామూలు గొర్రె ఊలు వేడి నీళ్ళలో తిరిగితే పోగుల మీది పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని సాక్స్ పిల్లల సైజుకి కుంచించుకుపోతాయి. సూపర్‌వాష్ అని లేబుల్ ఉన్న ఊలైతే ఆ పొలుసులకి ముందే పని చెప్పి ఉంటారు, దానికి భయం లేదు. లేబుల్ లేకపోతే రెండు పోగుల కొసలు తడిపి అరచేతుల మధ్య గట్టిగా రుద్దండి, అతుక్కుపోతే అది మామూలు ఊలు, అత్తమామలకి వాడండి. అతుక్కోకపోతే అక్కకి.

సైజు సంగతి. పాదం పొడవు, వేళ్ళ కింద వెడల్పైన చోట చుట్టుకొలత, ఈ రెండే కావాలి. అక్కని కాగితం మీద పాదం గీసి ఫొటో పంపమనండి, పక్కన స్కేలు పెట్టమనండి. సాక్స్ కాలికంటే చిన్నగా ఉండాలి, అప్పుడే సాగి పట్టుకుంటుంది. చుట్టుకొలతలో పదో వంతు తగ్గించండి, పొడవులో అరంగుళం. ఉదాహరణకి చుట్టుకొలత ఎనిమిదిన్నర అంగుళాలు, మీ చేతి బిగువుకి అంగుళానికి ఎనిమిది కుట్లు పడుతున్నాయి అనుకోండి, 68 అవుతుంది, పదో వంతు తీస్తే 61, దగ్గర్లో నాలుగుతో పోయే అంకె 60. మీ చేతి బిగువు ముందు తెలియాలి కాబట్టి నాలుగంగుళాల ముక్క అల్లి, తడిపి, ఆరాక కొలవండి. ఈ ముక్క ఎగ్గొట్టేవాళ్ళే తర్వాత మొత్తం విప్పుకుంటారు.

సూదులు మన షాపుల్లో నంబర్లతో ఇస్తారు, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. మీకు కావలసింది 12 లేదా 13 నంబరు, అంటే 2.75 లేదా 2.25 మిల్లీమీటర్లు, రెండు వైపులా కొనలున్న ఐదు సూదుల సెట్టు. స్టీలు సూదులైతే మన ఉప్పుగాలికి తుప్పు పడతాయి, పని అయ్యాక తుడిచి కుట్టు మిషన్ నూనె చేయి రాసి దాచండి, మళ్ళీ వాడేముందు శుభ్రంగా తుడవండి, లేకపోతే లేత రంగుల మీద మరక పడుతుంది.

అల్లడం మఫ్లర్ వచ్చినవాళ్ళకి కష్టం కాదు, అందరూ భయపడేది మడమ దగ్గరే. అందుకే 60 కుట్ల సాక్స్‌కి మడమ ఒక్కటీ వివరంగా రాస్తున్నాను, మిగతాది ఏ వీడియోలోనైనా చూడొచ్చు. పైన రిబ్బు అంగుళంన్నర, కింద సాదాగా కావలసినంత పొడవు అల్లాక ఆగండి. 30 కుట్లు పాదం పైభాగానికి పక్కన పెట్టేయండి, మిగతా 30 మీద మాత్రమే ముందుకీ వెనక్కీ 30 వరసలు అల్లండి. ప్రతి వరసలో మొదటి కుట్టు అల్లకుండా రెండో సూది మీదికి జార్చుకోండి, అంచున 15 పెద్ద గొలుసు కుట్లు తేలతాయి. సాక్స్ బయటివైపు మీకు ఎదురుగా ఉండే వరసల్లో ఒకటి జార్చి ఒకటి అల్లుతూ పోతే మడమ రెండింతలు మందమవుతుంది, చాలాకాలం మన్నుతుంది.

ఇప్పుడు మలుపు. కుడివైపు నుంచి 17 నిట్ అల్లండి, తర్వాతి రెండు కలిపి ఒకటి చేయండి, ఇంకొకటి నిట్, అక్కడితో ఆపి పని తిప్పేయండి. పది కుట్లు అల్లకుండా మిగిలిపోయాయే అని కంగారు పడకండి, మిగలాలి. ఒకటి జార్చి, 5 పర్ల్, రెండు కలిపి పర్ల్, ఇంకో పర్ల్, మళ్ళీ తిప్పండి. ఇటువైపూ పది మిగులుతాయి. ఇక్కడినుంచి ప్రతి వరసలోనూ ఒకటి జార్చి, మధ్యలో చిన్న సందు కనిపిస్తుంది చూడండి, దానికి ఒక కుట్టు ముందు దాకా అల్లి, సందుకి అటూ ఇటూ ఉన్న రెండూ కలిపి, ఇంకొకటి అల్లి, తిప్పడమే. అలా రెండు వైపులా మిగిలిన కుట్లు అయిపోయేసరికి సూది మీద 18 ఉండాలి. అరచేతిలో పెట్టుకుంటే గిన్నెలా గుంట పడి ఉంటుంది. 18 రాకపోతే ఎక్కడో ఒక తిప్పు తప్పింది, మడమ వరకే విప్పి మళ్ళీ చేయండి.

తర్వాత గొలుసు అంచు నుంచి ఒక్కో వైపు 16 కుట్లు ఎత్తుకోండి, మూలలో చిల్లు పడకుండా అదనంగా ఆ ఒక్కటీ. మొత్తం 80 అవుతాయి. ఇక గుండ్రంగా అల్లుతూ, రౌండు మార్చి రౌండులో రెండేసి తగ్గిస్తే మళ్ళీ 60కి వస్తాయి. పాదం భాగం కావలసిన పొడవుకి రెండంగుళాలు తక్కువ ఉన్నప్పుడు వేళ్ళ భాగం మొదలుపెట్టండి. రౌండు మార్చి రౌండులో నాలుగేసి తగ్గించి 32కి, అక్కడినుంచి ప్రతి రౌండులో తగ్గించి 16కి తీసుకురండి. ఎనిమిదీ ఎనిమిదీ ఎదురెదురు పెట్టి మొద్దు సూదితో కుట్లు కలిపేయడాన్నే గ్రాఫ్టింగ్ అంటారు, కిచెనర్ కుట్టు అని కూడా వింటారు. లోపల గట్టు తేలదు కాబట్టి కాలికి రాసుకోదు.

టైము గురించి నిజం చెప్తాను. ఇలాంటి జతలో ఇరవై వేల కుట్లకి పైనే ఉంటాయి. రోజూ సాయంత్రం ఓ గంట కూర్చుంటే జతకి మూడు వారాలు వేసుకోండి, మొదటి జతకి ఇంకో వారం ఎక్కువ. ఇప్పుడు ఆగస్టు చివర, సంక్రాంతికి నాలుగున్నర నెలలు, ఐదు జతలు, టోపీలు, బూటీలు. పండగ పనులూ పిల్లల పరీక్షలూ కలుపుకుంటే టెన్షన్ పడాల్సిన లెక్కే. నా సలహా, బూటీలతో మొదలుపెట్టండి, అదే మడమ చిన్న సైజులో చేతికి అలవాటవుతుంది. తర్వాత వదినకి, అక్కకి. ఆ తర్వాత నాన్నగారివి. అత్తమామలవి సంక్రాంతికి పూర్తి కాకపోయినా మార్చిలో ఇస్తే సరిపోతుంది, వాళ్ళకి అవసరం మేలోనేగా.

ఆక్రిలిక్ ఊలంటే చిన్నచూపు వద్దు. పిల్లల టోపీలకి, అరకు వెళ్ళేటప్పుడు మఫ్లర్లకి, రోజూ ఉతికే వాటికి అదే మంచిది, ఇస్త్రీ పెట్టె మాత్రం తగలనీయకూడదు, కరిగి చదునైపోతుంది. రంగురంగుల చిన్న ఉండలుంటే గుమ్మానికి తోరణం అల్లండి, సంక్రాంతి పేరంటానికి వచ్చేవాళ్ళకి పసుపు కుంకుమతో పాటు ఇవ్వడానికి క్రోషా పువ్వులు, చిన్న బటువాలు చేయండి. మా ఇంటి గుమ్మానికి ఉన్న ఊలు తోరణం మా అత్తగారు అల్లినది, ఇప్పటికీ రంగు తగ్గలేదు. కాటన్ ఉంటే గిన్నెలు తుడిచే గుడ్డలు, వేడి గిన్నెలు దింపే మట్టులు అల్లండి, ఆక్రిలిక్‌తో మాత్రం మట్టులు వద్దు, వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. పాత స్వెట్టర్ విప్పిన ఊలు వంకర్లు తిరిగి ఉంటే కుర్చీ వీపుకి చుట్టి చిలప చేసి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, నానబెట్టి, బరువు వేలాడదీసి ఆరేస్తే సాఫీ అవుతుంది.

ఇచ్చేముందు ఒకసారి ఉతకండి. గోరువెచ్చని నీళ్ళు, షాంపూ కానీ కుంకుడుకాయ రసం కానీ. లేత రంగులకి కుంకుడు రసం మరక చేస్తుంది, వాటికి షాంపూనే. పిండకూడదు, తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో పరిచి ఆరబెట్టండి. వానల్లో అయితే ఫ్యాను కింద, రెండు రోజులైనా పడుతుంది. ఒక్కో జతతో పాటు అదే ఊలు నాలుగైదు మీటర్లు అట్టముక్కకి చుట్టి పెట్టండి, చిల్లు పడినప్పుడు రఫ్ఫు చేసుకోవడానికి. ఆ అట్ట వెనకే ఊలు రకం, ఉతికే పద్ధతి తెలుగులో రాయండి, షికాగోలో అక్క చదువుకున్నా, ఇక్కడ మీ అత్తగారు పనిమనిషికి చదివి వినిపించినా ఉపయోగపడుతుంది.